పోగుకు వేసిన తాళం

నాకు కోపం తొందరగా వస్తుంది. అది నా ముక్కు మీద కిరాయికి ఉంటుందని మా అమ్మ ఐలమ్మ అంటుంది. ఆ సోమవారం మాత్రం కోపం ఎవరి మీద చూపించాలో వెతికి వెతికి, చివరికి నా మీదే చూపించుకోవలసి వచ్చింది.

మా బాపు యాకోబు భివండిలోని టెంఘర్ దగ్గర, భూషణ్ సేఠ్ గాలాలో డిజైన్ మాస్టర్. గాలా అంటే పెద్ద విశేషమేం కాదు, ఎనిమిది సాంచాలు పట్టే పొడుగాటి షెడ్డు. సాంచాలంటే మరమగ్గాలు. బాపు ఏళ్ల తరబడి వాటి మీద బట్ట నేసి, ఆ తర్వాత గళ్ల కాగితం మీద పువ్వులూ చుక్కలూ గీయడం సొంతంగా నేర్చుకున్నాడు. ఆయన గీసింది ఆఫీసు గదిలోని కంప్యూటర్లోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి వైఫై మీద ఒక్కో సాంచాకు బిగించిన చిన్న డబ్బాకు చేరుతుంది. ఏ పోగు పైకి లేవాలో, ఏది కిందే ఉండాలో సాంచాకు చెప్పేది ఆ డబ్బానే.

ఆ డబ్బాలు తయారుచేసేది వరాలా తలావ్ దగ్గర ఉన్న మా చిన్న కంపెనీ. కంప్యూటర్‌కూ డబ్బాకూ మధ్య మాటలు మోసే లైబ్రరీ రాసింది నేను, క్రిస్టినా. లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్లు తెచ్చుకుని తమ పనిలో కలుపుకునే కోడు. దానికి ‘పోగు’ అని పేరు పెట్టి, ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్లో ఉంచాను. ఎక్కడెక్కడివాళ్లో వాడుతున్నారు. ఆ సంగతి నేను నలుగురికీ అవసరం కంటే ఎక్కువసార్లే చెబుతుంటాను.

ఆ రోజు నేను ఇంట్లోనే పని చేసుకుంటుంటే బాపు మధ్యాహ్నం పన్నెండుకే వచ్చేశాడు. సాంచాలు నడిచే వేళ ఆయన ఇంటికి రావడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఏమైంది బాపూ?"

"ఏంలే బిడ్డా. ముంబై పార్టీ అచ్చిండు, బట్ట కొనేటాయన. మన కొత్త బట్ట చూసి నవ్విండు. గిదే పువ్వు పొద్దుగాల పక్క గాలాల చూసిన అన్నడు. గిట్ల రెండోసారి. సేఠ్‌కు నా మీద షక్ అచ్చింది, డిజైన్ నేనే అమ్ముకున్ననని."

"షక్కా?" వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది అమ్మ. "ఇరువై ఏండ్ల సంది వాని గాలానే ఇల్లనుకున్నోని మీద షక్కా? వాని నోట్ల మన్ను వడ!"

"ఒర్లకే. శనివారం కొత్త డిజైన్ ఎక్కియ్యాలె. మల్ల సోమవారం పార్టీ వస్తడు. గప్పుడు గూడ చూసిన అన్నడంటే, ఇంకో గాలా చూసుకో మాస్టర్ అన్నడు."

ఇంకో గాలా ఎవరిస్తారు? డిజైన్లు అమ్ముకున్నాడన్న మాట ఒకసారి అంటుకుంటే భివండిలో ఏ సేఠూ ఆయనను గడప తొక్కనివ్వడు. యాభై నాలుగేళ్ల మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. సేఠ్‌ను నాలుగు మాటలు అడిగి వస్తానని చెప్పులు వేసుకున్నాను కూడా. అప్పుడు బాపు మెల్లగా అడిగాడు.

"డిజైన్ నా సంచిల ఉంటది. కంప్యూటర్ల ఉంటది. మల్ల డబ్బాల ఉంటది. ఇంకో చోటు లేదు గదా బిడ్డా?"

"లేదు" అన్నాను.

అన్నాక చెప్పులు విడిచి లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఇంకో చోటు ఉంది. గాలి. ఆ బిల్డింగులో గాలాలన్నిటికీ ఒకటే వైఫై. దాని పాస్‌వర్డు మెట్ల గోడ మీద, ‘ఇక్కడ ఉమ్మరాదు’ అన్న అక్షరాల కింద, బొగ్గుతో రాసి ఉంటుంది. ఆ వైఫైలో ఉన్నవాడు ఎవడైనా, కొంచెం తెలివి ఉంటే చాలు, నా ‘పోగు’ మోసే ప్రతి మాటా చదువుకోవచ్చు. ఎందుకంటే నేను దానికి తాళం పెట్టలేదు. విప్పిన ఉత్తరం పోస్టులో వేసినట్టు పంపిస్తున్నాను.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ మెట్ల మీద కూర్చున్నాను. పైన ఎవరో పాత డిజైనే మళ్లీ ఎక్కించారు. ఐదు నిమిషాల్లో బాపు గీసిన చుక్కల పువ్వు మొత్తం నా తెర మీదికి వచ్చి కూర్చుంది.

ఇంకా సిగ్గుచేటు సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట ఒకాయన ఎవరో ఇంటర్నెట్లో అడిగాడు, పోగులో సాకెట్ కనెక్షన్లకు, అంటే కంప్యూటరూ డబ్బా మాట్లాడుకునే దారులకు, ఎన్‌క్రిప్షన్ పెట్టగలరా, అంటే తాళం వేయగలరా అని. నేను వెక్కిరిస్తూ జవాబిచ్చాను: "మా సాంచాల షెడ్డులో పక్కన నిలబడి అరిచినా వినబడదు. చాటుగా వినేదెవరు సార్?" పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టి, ఆ ప్రశ్నను మూసేశాను.

సేఠ్‌కు చెప్పేయొచ్చు కదా? చెప్పలేదు. చెబితే మా డబ్బాలు పెట్టిన ఇరవై గాలాలవాళ్లూ వాటిని పీకి మా గుమ్మంలో పోస్తారని భయం. ముందు బాగు చేస్తాను, తర్వాత చెబుతానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట చెప్పుకునేటప్పుడు బాపు మొహం వైపు చూడలేదు.

మంగళవారం మొదలుపెట్టాను. తాళం నేను కొత్తగా తయారు చేయలేదు, అంత పిచ్చి నాకు లేదు. ప్రపంచమంతా పరీక్షించి వాడుతున్న తాళాన్నే తెచ్చి పోగు లోపల బిగించాలి. మొదట కంప్యూటర్ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. డబ్బా దాన్ని సరిచూస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఇద్దరికే తెలిసిన తాళంచెవి ఒకటి తయారు చేసుకుంటారు. అప్పుడుగానీ అసలు మాట మొదలు కాదు. పోగును ఇప్పటికే వాడుతున్నవాళ్లు తమ కోడులో ఒక్క మాట మార్చుకుంటే చాలేటట్టు రాయాలని నా పట్టుదల.

బుధవారానికి అంతా కుదిరినట్టే అనిపించింది. పరీక్షకు ఒక పువ్వును పంపి, అవతల వచ్చినదాన్ని కాగితం మీద అచ్చు తీసి బాపుకు చూపించాను.

"పువ్వు మంచిగనే ఉంది. కాడ ఏది బిడ్డా?"

కాడ లేదు. చివరి నలభై వరుసలు రాలేదు. సాకెట్‌ను అడిగితే ఇక రావాల్సిందేమీ లేదంటుంది. చూడబోతే ఆ నలభై వరుసలూ అప్పటికే వచ్చేసి, తాళం పొరలో తాపీగా కూర్చుని ఉన్నాయి. సాకెట్‌ను అడిగే ముందు ఆ పొరను అడగాలన్న బుద్ధి నా కోడుకు లేదు. దానికి ఆ బుద్ధి నేర్పేసరికి గురువారం మధ్యాహ్నమైంది. సాయంత్రం గాలాకు వెళ్లి ఎనిమిది డబ్బాల్లోనూ కొత్త కోడు ఎక్కించాను. పాత పువ్వును పంపి చూశాను. కాడతో సహా వచ్చింది. మెట్ల మీద కూర్చుని విన్నాను. తెర మీద ఒట్టి చెత్త. ఆ చెత్తను చూసి నేను మురిసినట్టు ఏ బంగారాన్ని చూసీ ఎవరూ మురిసి ఉండరు.

శుక్రవారం సెలవు. శనివారం పొద్దున బాపు కొత్త డిజైన్ తెచ్చాడు, చిన్న చిన్న చింతాకులు, మధ్యలో ఒక్కో మొగ్గ. కంప్యూటర్లోకి ఎక్కించి బటన్ నొక్కాను. ఎనిమిది డబ్బాల్లో ఒక్కటీ పలకలేదు.

తెర మీద ఒకటే మాట: ఈ గుర్తింపు పత్రం ఇంకా చెల్లదు.

ఇంకా చెల్లకపోవడమేమిటి? మంగళవారం తయారు చేశాను, ఇవాళ శనివారం! పత్రాన్ని మళ్లీ తయారు చేశాను. అదే మాట. మూడోసారి చేశాను. అదే మాట. కుర్చీని ఒక్క తన్ను తన్నాను. అది లాభం లేకపోగా వేలు వాచింది.

భూషణ్ సేఠ్ మరాఠీవాడే కానీ మా తెలుగోళ్ల మధ్య పెరిగి తెలుగు దంచేస్తాడు. తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏంది క్రిస్టినా? దోపారి పన్నెండు లోపల సాంచా చాలూ కాకపోతే సోమవారానికి బట్ట గాదు. నీ కొత్తది తీసెయ్. పాతదే పెట్టు."

పాతది పెడితే సాయంత్రానికల్లా చింతాకులు పక్క గాలాలో ఉంటాయి. ఇంకో దారీ ఉంది. పత్రం సరిచూడడం మానేయమని డబ్బాకు ఒక్క వరుసలో చెప్పొచ్చు. అప్పుడు కంప్యూటర్నని ఎవడు చెప్పుకుంటే వాడితో డబ్బా మాట్లాడేస్తుంది. ఆ వరుస రాసి, చెరిపేశాను.

బాపు స్టూలెక్కి ఒక డబ్బా తెర తుడుస్తున్నాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు.

"బిడ్డా, గీ డబ్బాల తారీఖు చూసినవా? ఒకటి, ఒకటి, డెబ్బై అంటున్నది. గప్పటికి నేనే పుట్టలే."

నేను పరుగెత్తాను. ఎనిమిదింటిలోనూ అదే. జనవరి ఒకటి, పంతొమ్మిది వందల డెబ్బై.

భివండిలో శుక్రవారం సాంచాలకు సెలవు. గురువారం షిఫ్టు దిగగానే సేఠ్ మెయిన్ స్విచ్ దించేస్తాడు. డబ్బాలో గడియారానికి వేరే బ్యాటరీ లేదు, కరెంటు పోతే కాలమే మరిచిపోతుంది. కరెంటు వచ్చాక కంప్యూటర్‌ను అడిగి తేదీ తెలుసుకుంటుంది. పాత పోగులో అడగడానికి అడ్డేమీ లేదు. ఇప్పుడు అడగాలంటే ముందు పత్రం సరిచూడాలి. పత్రం సరిచూడాలంటే తేదీ తెలియాలి. మొన్న పుట్టిన పత్రాన్ని డెబ్బయ్యో సంవత్సరంలో కూర్చున్న డబ్బా ఎట్లా నమ్ముతుంది? మా ఆఫీసులో ఇన్వర్టర్ ఉంది కాబట్టి అక్కడ ఏ డబ్బా కూడా ఎప్పుడూ ఆరలేదు. పుట్టినప్పటి నుంచి ఈ ఊళ్లో శుక్రవారాలు చూస్తున్న నేనే శుక్రవారాన్ని మరిచిపోయాను.

"బాపూ, నువ్వు దేవునివి!"

"చర్చిల గిట్ల అనకు, ఎల్లగొడ్తరు" అన్నాడు స్టూలు దిగుతూ.

నాలుగు వరుసలు రాశాను. గడియారం ఈ కోడు తయారైన రోజు కంటే వెనక్కి చూపిస్తే దాన్ని నమ్మకు, ఆ రోజు నుంచే లెక్కపెట్టుకో. గంటకోసారి తేదీని జ్ఞాపకంలో రాసుకో, లేచాక అక్కడి నుంచి మొదలుపెట్టు. వైఫై మీద మాట్లాడని డబ్బాలకు కేబుల్ పెట్టి ఒక్కొక్క దానికి ఎక్కించాను. బాపు స్టూలు జరుపుతూ వచ్చాడు. మళ్లీ శుక్రవారం వచ్చేదాకా ఆగకుండా, సేఠ్‌ను బతిమాలి మెయిన్ స్విచ్ దించి ఎత్తించాను. డబ్బాలు లేచాయి. బటన్ నొక్కాను. ఎనిమిదీ పలికాయి. పన్నెండుకు ముందే మొదటి సాంచా చింతాకు నేయడం మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున మెట్ల మీద పక్క గాలా కంప్యూటర్ పని చూసే రాంప్రసాద్ ఎదురయ్యాడు. నలభై ఏళ్ల మనిషి, నుదుట బొట్టు, మర్యాద ఎక్కువ.

"ఏం చెల్లే, మీ డబ్బాలు ఖరాబైనయా ఏంది? రెండు దినాల సంది అన్నీ పిచ్చి పిచ్చి అక్షరాలే వస్తున్నయ్."

చేసిన దొంగతనానికి సర్వీసు సరిగ్గా లేదని ఫిర్యాదు! నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది.

"మీకెట్ల తెల్సింది అన్నా, మా డబ్బాల వచ్చేటివి?" అన్నాను.

ఆయన గబగబా రెండేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పదకొండుకు పార్టీ వచ్చాడు. బట్టను వెలుతురుకు పట్టుకున్నాడు, వేళ్ల మధ్య నలిపాడు. గాలా అంతా ఆయన నోటి వైపే చూస్తోంది. బాపు మాత్రం నేలచూపులు చూస్తున్నాడు. పార్టీ హిందీలో అన్నాడు, ఇట్లాంటిది నేనెక్కడా చూడలేదు మాస్టర్, దీన్ని ఇంకెవరికీ చూపించకండి అని.

సేఠ్ అందరికీ చాయ్ తెప్పించాడు. "మాఫ్ చెయ్ మాస్టర్" అని బాపు చెయ్యి పట్టుకున్నాడు. అంతటితో ఊరుకోవచ్చు. ఎవరూ నన్నేమీ అడగలేదు. కానీ బాపుకు అప్పగించిన నింద నాది అని నాకు తెలుసు. వెళ్లి సేఠ్ ఎదురుగా నిలబడ్డాను.

"సేఠ్, డిజైన్లు ఎవలూ అమ్మలే. నా కోడే వాటిని బాజాప్తా గాలిల మోసింది. తాళం పెట్టుమని రెండేండ్ల కింద ఒకాయన చెప్తే నవ్విన. పోయిన సోమవారమే నాకు తెల్సింది. భయపడి చెప్పలే."

సేఠ్ గ్లాసు కింద పెట్టాడు.

"అరే! గా దినమే నేను మాస్టర్‌ను అడిగిన గదా, డబ్బాలకెల్లి పోతున్నదా అని? ఏమన్నడో ఎరికేనా? బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్త సేఠ్, నా బిడ్డ డబ్బాల తప్పు లేదు, షక్ ఉంటే నా మీద పెట్టుకో అన్నడు." బాపు వైపు తిరిగాడు. "క్యా మాస్టర్, బైబిల్ మీద ఝూట్?"

"చెయ్యి పెడ్త అన్న సేఠ్. పెట్టలే" అన్నాడు బాపు.

గాలా అంతా పగలబడి నవ్వింది. సేఠ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. డబ్బాలు పీకుతాననలేదు, మిగతా పంతొమ్మిది గాలాల్లో కూడా ఈ వారమే తాళం వేసి రమ్మన్నాడు. నాకు నవ్వు రాలేదు. బాపును చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాను.

"నీకు ముందే తెల్సునా?"

"నేను అమ్మలే. మరి మిగిలింది నీ డబ్బానే గదా బిడ్డా."

"గట్లయితే నీ మీదెందుకు ఏసుకున్నవ్? నీ పని పోతుండె! నీ పేరు పోతుండె!"

ఆయన నా మీద కోప్పడితే బాగుండుననిపించింది. ఆయన భుజం మీది తువ్వాలతో నా కళ్లు తుడిచాడు.

"నువ్వు బాగు చేసేదాక ఎవలన్న ఒకలు నిలవడాలె గదా. నేను నిలవడ్డ."