ఖాళీ గడిలో సున్నా

ఏ ఊళ్లో ఎంతమందికి పని పోతుందో మా ఆఫీసులో యంత్రం మూడు నెలల ముందే చెబుతుంది. దానికి పాత లెక్కలన్నీ నూరిపోసింది నేనే. నెలనెలా ఊరూరి కరెంటు వాడకం, బస్సు పాసులు, ఉద్యోగ ప్రకటనలు ఇస్తాను, అది ఒక శాతం చెబుతుంది. ఆ అంకెను మా పైఅధికారి కళ్లకద్దుకుంటాడు.

ఆ మంగళవారం మా అన్నయ్య ఉండే ఊరికి పంతొమ్మిది శాతం అని వచ్చింది. ఎప్పుడూ ఆరు దాటని ఊరు. ఊరంతటికీ ఒక్కటే నూలు మిల్లు, అందులో అన్నయ్య ఫిట్టరు.

"సార్, ఇది మా అన్నయ్య ఊరు. ఎక్కడో తేడా కొడుతోంది. ఒక్కరోజు ఆగుదాం."

"మీ అన్నయ్య ఎవరో యంత్రానికి తెలీదమ్మా. అందుకే దాన్ని నమ్ముతాం," అని నవ్వి, నివేదిక కంపెనీలన్నిటికీ పంపేశాడు.

సాయంత్రానికి తప్పు దొరికింది. మీటరు చూసే మనిషి జ్వరంతో పడుకుని ఆ నెల మిల్లు రీడింగు పంపలేదు. ఆ ఖాళీ గడిలో సున్నా కొట్టింది నేనే. ఖాళీ అంటే తెలియదని, సున్నా అంటే లేదని నేనే కొత్తవాళ్లకు పాఠాలు చెబుతాను. తొందరలో నా బుద్ధి గడ్డి తింది. మిల్లు ఆగిపోయిందని యంత్రం అనుకుంది.

ఆరు శాతమేనని వెంటనే సవరణ పంపాను. సవరణలు ఎవడు చదివి చచ్చాడు! నూలు కొనే పెద్ద కంపెనీ మొదటి నివేదిక చూసి, ఆర్డర్లన్నీ వేరే ఊరికి మళ్లించింది. మిల్లులో ముందు ఒక షిఫ్టు ఆపారు, తర్వాత రెండోది. పదో వారం గేటుకు తాళం పడింది.

మూడు నెలలు తిరిగేసరికి ఆ ఊరి అసలు లెక్క పద్దెనిమిది పాయింట్ తొమ్మిది శాతం వచ్చింది.

"చూశారా, ఈవిడ హడలిపోయింది గానీ యంత్రం గురి తప్పలేదు!" అన్నాడు పైఅధికారి అందరూ వినేలా. సున్నా సంగతి మళ్లీ చెప్పాను. "అయితే ఇకమీదట ఖాళీలన్నిటికీ సున్నాయే పెట్టండి. అదే బాగా పనిచేస్తోంది," అన్నాడు.

మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు.

"చెల్లాయ్, మీ మిషను ముందే చెప్పిందటగా. నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

సున్నా సంగతి చెప్పబోయాను.

"సర్లే, అయిందేదో అయింది. మీ వదినా నేనూ పిల్లల్ని తీసుకుని పక్కూరు వెళ్దామనుకుంటున్నాం. ఆ టైల్స్ ఫ్యాక్టరీలో రమ్మన్నారు. ఆ ఊరి సంగతైనా ఇప్పుడే చూసి చెప్పవే."

తెర మీద వెతికాను. ఫ్యాక్టరీ కరెంటు గడి ఖాళీగా ఉంది.