తొంభై రెండు శాతం

నాచారంలోని ఆ ప్రైవేటు స్కూల్లో తారామణి లెక్కల విభాగానికి హెడ్. జూన్‌లో పట్టుబట్టి క్లాసులకు ట్యాబ్‌లు తెప్పించింది ఆమే. ట్యాబ్ వాడని టీచర్ల పేర్లు ప్రతి శనివారం వాట్సాప్ గ్రూపులో ఎర్రగా పెట్టేది. కొమురెల్లి సార్ పేరు ఏ వారమూ తప్పేది కాదు. చివరికి ఆరో తరగతి భిన్నాల పాఠం అతని దగ్గర నుంచి లాక్కుని, ట్యాబ్‌ల మీద తనే చేయించింది.

అక్టోబరు మీటింగులో ఆ ఫలితం స్క్రీన్ మీద చూపించింది. తొంభై రెండు శాతం, అంతా పచ్చరంగు.

కొమురెల్లి లేచి నలభై కాగితాలు ఆమె ముందు పడేశాడు.

“పొద్దుగాల పిల్లలకు ఒక్కటే లెక్క ఇచ్చిన మేడం. సగం, మూడో వంతు కలిపితే ఎంత? చూస్కోండ్రి.”

ఆరింట అయిదు అని రావాల్సింది, ఇరవై ఏడు మంది అయిదింట రెండు అని రాశారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తారామణి చెవులు వేడెక్కాయి.

“మీరు కావాలని కంగారు పెట్టుంటారు.”

“పోయి వాళ్లనే అడుగుండ్రి.”

ఆమె విసురుగా క్లాసుకు వెళ్లింది. ముందు బెంచీలో కూర్చున్న స్పందన దాచకుండా చెప్పేసింది. “తప్పు నొక్కితే అది మాయమైతది మేడం. మిగిలినవి నొక్కుకుంట పోతే ఆఖరుకు పచ్చగైతది. అందరం గట్లనే చేస్తం.”

తారామణి ట్యాబ్ తీసుకుని ప్రశ్న చదవకుండానే నొక్కింది. వరసగా నాలుగు ప్రశ్నలు పచ్చగా అయ్యాయి. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ బెంచీలో కూర్చుని చూసుకోలేదు తను.

వరండాలో కొమురెల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“మీకు ముందే తెలుసు కదా?”

“నెల కిందనే ఎరుక.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“నా పేరు ఎర్రగ పెట్టేటోళ్లకు నేనెందుకు జెప్పాలె?”

“నా మీద కోపంతో నెలపాటు పిల్లల్ని గాలికొదిలేశారు!”

“మీ రిపోర్టు కోసం మీరు ఇడిసిపెట్టలే?”

సాయంత్రం ఉప్పల్ వెళ్లే బస్సులో ఆమెకు ఆ మాట మింగుడుపడలేదు. అతను గెలిచినట్టు నిలబడిన తీరు తలుచుకుంటే ఒళ్లు మండింది. కాని అతనన్నది అబద్ధం కాదు. ఇంటికెళ్లి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసింది. ట్యాబ్‌లో ఏం జరుగుతుందో చూడకుండా అంకెలు నమ్మడం తన తప్పని మొదట రాసింది. తెలిసీ దాచడం కొమురెల్లి తప్పని తర్వాత రాసింది.

ఎర్ర జాబితా ఆగిపోయింది. భిన్నాలు మళ్లీ మొదటినుంచి, నోటుబుక్కుల్లో చెప్పాలని నిర్ణయమైంది. కొమురెల్లికి మెమో వచ్చింది.

అతను ఆ కాగితం పట్టుకుని అందరి ముందే వచ్చాడు. “నా పేరెందుకు రాసిన్రు?”

“ముందు నా పేరే రాశాను.”

“మీది మీ ఇష్టం. నాది రాయమని ఎవడు జెప్పిండు?”

“మళ్లీ రాయమన్నా రాస్తాను.”

అప్పటి నుంచి స్టాఫ్ రూములో ఆమె ఉంటే అతను టిఫిన్ డబ్బా కూడా విప్పడు. ఆమె బయటికి పోదు.