మూడవ అంతస్తులో పాలు

లిఫ్టులో మాట్లాడే ఆడమనిషిని నేనే.

ఈ సంగతి ఎవరికి చెప్పినా నన్ను ఎగాదిగా చూస్తారు. "తలుపులు తెరుచుకొనుచున్నవి", "దయచేసి ద్వారమునకు అడ్డముగా నిలువరాదు" అంటూ భూమ్మీద ఎవరూ మాట్లాడని తెలుగులో మాట్లాడే ఆ చల్లని గొంతు నాదే. ఇంట్లో మాత్రం ఆ గొంతు ఎవరూ విని ఎరగరు. నేను మాట్లాడేది తక్కువ, కసిరేది ఎక్కువ అంటాడు మా ఆయన. అనేసి వెంటనే పక్కగదిలోకి వెళ్ళిపోతాడు, అంతటి ధైర్యవంతుడు.

నా స్టూడియో మా బట్టల అల్మారా. గోడలో నిలువెత్తున ఉంటుంది. వేలాడే చొక్కాల కింద పీట వేసుకుని, తలుపు మూసుకుని, నెత్తి మీదుగా దుప్పటి కప్పుకుని కూర్చుంటే వీధిలో హారన్లు కూడా మైకు దాకా రావు. మా అత్తయ్య గొంతు మాత్రం వస్తుంది. ఆవిడ గొంతుకి గోడలూ దుప్పట్లూ ఒక లెక్క కాదు. మేం కాలింగ్ బెల్ కూడా పెట్టించుకోలేదు. ఆవిడ వంటింట్లోంచి "ఎవరదీ?" అన్నాకగానీ వచ్చినవాళ్ళకు తలుపు కొట్టాలని గుర్తు రాదు.

ఆ మధ్య ఊరి నడిబొడ్డున కొత్తగా లేచిన ఆఫీసు భవనానికి లిఫ్టు గొంతు ఇచ్చే పని నాకు దొరికింది. అల్మారాలో కూర్చుని ఒక్కో అంతస్తూ చెప్పుకుంటూ పోతున్నాను. "మూడవ అంతస్తు. తలుపులు తెరుచుకొనుచున్నవి" అని, ఆ 'చున్నవి' దగ్గర గొంతు మెత్తగా దించుతున్నానో లేదో, వంటింటి వైపు నుంచి పడింది:

"ఒసేయ్, నీ ఇల్లు బంగారంగానూ! పాలు పొంగిపోతున్నాయే! ఎక్కడ చచ్చావే!"

"వస్తున్నా అత్తయ్యా!" అని కేకపెట్టి, దుప్పటితో సహా పరుగెత్తి స్టవ్ కట్టేశాను. అత్తయ్య పక్కనే నిలబడి ఉంది, గిన్నెలు తోముతూ. ఆవిడ కట్టెయ్యొచ్చు కదా అంటారా? చేతులకు సబ్బు ఉందట. సబ్బు చేత్తో స్టవ్ ముట్టుకోకూడదట. ఎవరు చెప్పారో తెలియదుగానీ, పెళ్ళై వచ్చినప్పటి నుంచీ నేను ఈ శాస్త్రం కింద బతుకుతున్నాను.

తిరిగొచ్చి మూడో అంతస్తు మళ్ళీ చెప్పాను. దివ్యంగా కుదిరింది. తప్పంతా పేర్లు పెట్టడంలో జరిగింది. పాలు పొంగిన ఫైలు పేరు 'మూడు చివరిది'. బాగున్నదాని పేరు 'మూడు ఒట్టు ఇదే చివరిది'. పంపేటప్పుడు నా ఒట్టు నేనే మరిచిపోయి మొదటిది పంపేశాను.

వారం తిరక్కుండానే భవనం మేనేజరు ఫోన్ చేశాడు. అసలే మనిషి బిగుసుకుపోయి మాట్లాడతాడు.

"మేడమ్, మా మూడో అంతస్తులో ఎవరివో పాలు పొంగుతున్నాయి."

నాకు బుర్ర పనిచేయలేదు. ఆయన ఫోన్ లిఫ్టులోకి తీసుకెళ్ళి వినిపించాడు. అప్పుడు పనిచేసింది. క్షమాపణలు చెప్పి అసలు ఫైలు అప్పటికప్పుడే పంపించాను. అంతటితో పోయేదే, కానీ నా ఫోన్ స్పీకర్లో ఉంది. అత్తయ్య నా వెనకే ఉంది.

"అయ్యో నా తల్లీ! ఊరంతా విన్నారా?"

"ఊరంతా ఎందుకు వింటారండీ? మూడో అంతస్తుకి వెళ్ళేవాళ్ళు మాత్రమే."

ఈ ఓదార్పు ఆవిడకు ఆనలేదు. "నీ పని చెడగొట్టింది ఈ పాడు నోరు" అని మూతి మీద వేలు పెట్టుకుంది. పెట్టుకున్న వేలు ఇక తియ్యలేదు.

ఆ రోజు నుంచీ మా ఇల్లు ఇల్లులా లేదు. అత్తయ్య మునివేళ్ళ మీద నడుస్తుంది. గిన్నెకు గిన్నె తగలనివ్వదు. ఉప్పు సరిపోయిందా అంటే కనుబొమలతో జవాబు. ఆవిడను చూసి మా ఆయన కూడా గుసగుసలు మొదలుపెట్టాడు. అల్మారాలో కూర్చుంటే నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. ఇన్నేళ్ళుగా నేను దేవులాడిన నిశ్శబ్దం ఇదే. పని మొదటిసారికే అయిపోతోంది. అయిపోయాక బయటికొస్తే ఏముంది? నన్ను ఒక్క మాట అనే దిక్కు లేదు. ఎవరి మీద కసరాలో తెలియక కుర్చీల మీద కసురుతున్నాను.

ఒకరోజు అల్మారాలోకి మాడు వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే పాలు పొంగి, స్టవ్ ఆరిపోయి, గట్టంతా కారి, నేల మీద మడుగు కట్టాయి. అత్తయ్య సబ్బు చేతులు పైకెత్తి, పెదాలు బిగబట్టి, కళ్ళ నిండా నీళ్ళతో ఆ పాలనే చూస్తోంది.

"అరవొచ్చు కదా అత్తయ్యా!" అని నేను అరిచాను.

"నువ్వు రికార్డింగులో ఉన్నావు కదే" అంది గుసగుసగా.

ఆ సాయంత్రమే సంచి సర్దేసింది. "అమ్మాయి దగ్గరికి పోతాను. ఇక అక్కడే ఉంటాను. వాళ్ళింట్లో నేనెంత అరిచినా నష్టం లేదు, అల్లుడికి చెవుడు."

నాకు నవ్వొచ్చింది, నవ్వు వెనకే ఏడుపొచ్చింది. వద్దన్నాను, బతిమాలాను. మర్యాదకు అంటున్నావులే అంది. మా ఆయన్ని ఒక మాట చెప్పమంటే పక్కగదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే టాక్సీలో బస్టాండుకు బయలుదేరాం. దారిలో మళ్ళీ మేనేజరు ఫోన్.

"మేడమ్, మీకొక మాట చెప్పాలి. పాలు పొంగే ఆ పాత ఫైలే మళ్ళీ పెట్టేశాను. అది తీసేసినప్పటి నుంచీ జనం నన్ను బతకనివ్వలేదు. మూడో అంతస్తు పళ్ళ డాక్టరుగారైతే నా గదికొచ్చి మరీ పోట్లాడారు."

అత్తయ్యకు చెప్పాను. "నన్ను ఆపడానికి మీరిద్దరూ కూడబలుక్కున్నారా?" అంది. నాకు ఒళ్ళు మండి టాక్సీని ఆ భవనం వైపు తిప్పించాను.

లిఫ్టు కిక్కిరిసి ఉంది. మీసాల పెద్దమనిషి ఒకాయన, ఫైళ్ళు మోసుకొచ్చిన ఒకావిడ, వాచిన దవడకు చెయ్యి ఆనించుకున్న ఒక పిల్ల. నేను, అత్తయ్య, మా మధ్య సంచి. ఒకటి దాటింది, రెండు దాటింది. అందరి మొహాలూ నవ్వు ఆపుకుంటున్నాయి. లిఫ్టు ఆగింది. నా చల్లని గొంతు తలుపులు తెరుచుకొనుచున్నవని చెప్పింది. ఆ వెంటనే అత్తయ్య గొంతు లిఫ్టు దద్దరిల్లేట్టు పలికింది. ఇల్లు బంగారం, పాలు, చావడం, అన్నీ.

"వస్తున్నా అత్తయ్యా!" అన్నారు లిఫ్టులో అందరూ, ఒక్కసారిగా. మీసాలాయన అందరికంటే గట్టిగా అన్నాడు. దవడ వాచిన పిల్ల "వత్తున్నా" అంది, నోరు తెరుచుకోక.

అత్తయ్య బిత్తరపోయింది. ఆపైన ఆపుకోలేక నోరు జారింది. "వస్తే రండిగానీ, ముందు స్టవ్ కట్టెయ్యండి!"

లిఫ్టంతా ఆవిడవైపు తిరిగింది.

"మీరేనా?" అన్నాడు మీసాలాయన. ఫైళ్ళావిడ ఫైళ్ళు నేల మీద పడేసి అత్తయ్య రెండు చేతులూ పట్టుకుంది. "మా ఇంట్లో నన్ను పిలిచేవాళ్ళు లేరండీ. రోజూ పొద్దున మీ అరుపు వింటేగానీ నాకు పని చెయ్యబుద్ధి కాదు" అంది. తలుపులు తెరుచుకుని ఉన్నాయి, పళ్ళ డాక్టరు బోర్డు ఎదురుగా కనబడుతోంది, ఒక్కరూ దిగలేదు. దవడ పిల్ల నవ్వుతూ "అబ్బా, అబ్బా" అని మూలుగుతోంది.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "అత్తయ్యా, మీరు లేకపోతే నాకు తోచదు. అరుపులు లేని ఇల్లు నాకొద్దు. నాకు మీరు కావాలి" అని అంతమంది ముందూ అనేశాను.

"నలుగురిలో ఏం మాటలే అవి" అంటూ ఆవిడ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని నన్ను నిలదీసింది. "అవునూ, పై అంతస్తుల్లో నువ్వేం చెప్పావు?"

"నాలుగవ అంతస్తు, ఐదవ అంతస్తు అని."

"అంతేనా? మరీ అంత చప్పగానా?"

"చప్పగానేనండీ" అంది ఫైళ్ళావిడ.

నేను గడియారం చూసుకున్నాను. "అత్తయ్యా, బస్సు వెళ్ళిపోతుంది."

"పోతే పోనీవే, నీ బస్సు బంగారంగానూ" అంది అత్తయ్య, సంచి నా చేతిలో పెట్టి. "పైదాకా పోయి వద్దాం, నొక్కు."