కుడి మోకాలి పట్టీ

నేను ఒక మోకాలి పట్టీని. నా జతది పోయిన రోజు నాకు బాగా గుర్తు. అది నరహరి మాస్టారి ఎడమ మోకాలికి ఉండగానే ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆయన తిరిగి రాలేదు, అదీ రాలేదు. దాన్ని ఎవరూ వెతకలేదు. వెతికే వేళ కాదది.

మమ్మల్ని ఒకే యంత్రం, ఒకే నల్లదారంతో అల్లింది. కుడి ఎడమల తేడా మాకు లేదు, అది మనుషులు పెట్టింది. మాస్టారికి ఎడమ మోకాలు నొప్పి, ఆయన భార్య హైమావతి టీచరుకు కుడి మోకాలు. ఒక్క జత ఇద్దరికీ సరిపోయింది.

"మన జాతకాలు కలిసింది మోకాళ్ల దగ్గరేనోయ్!" అన్నారు మాస్టారు.

"చాల్లెండి, ముందు తొడుక్కోండి," అన్నారు టీచరు.

ఆయన దాని మీద తెల్లరంగుతో 'ఎ' అని, నా మీద 'కు' అని రాశారు. బడిపంతులు కదా, పేరు రాయనిదే ఏ వస్తువునూ నమ్మరు.

కిందటేడు చలికాలంలో ఇద్దరూ పాడేరు అవతల ఒక అడవికొండ ఎక్కబోయారు. సగం దాటాక ఒక పెద్ద బండ దగ్గర మాస్టారికి ఆయాసం వచ్చి కూర్చుండిపోయారు.

"నువ్వెళ్లి చూసిరా. పైన ఏముందో నాకు చెబుదువుగాని."

"ఒక్కదాన్నే చూసి ఏం చేసుకోను? వచ్చే ఏడు ఇద్దరం చూద్దాం."

తిరిగి వచ్చేశారు.

ఈ ఏడు టీచరు ఒక్కరే వచ్చారు. కిందటేడు ఇద్దరికీ దారి చూపిన ఆ కొండ ఊరి బొంజుబాబే ఈసారీ తోడు వచ్చాడు. బండ దగ్గర అతను ఆగాడు.

"టీచరమ్మా, మాస్టారు ఇక్కడే కూకున్నారు. ఏటి, తిరిగెల్లిపోదుమా?"

"ఇక్కడ కూర్చున్నానంటే మళ్లీ లేవను. పద బాబూ."

అక్కడినుంచి దారి నిట్టనిలువు. ఎండుటాకుల మీద కాలు జారుతుంటే, చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కారు. కుడికాలిని నేనే కాపాడుతున్నానని గర్వపడ్డాను. నిజానికి బరువంతా ఎడమకాలు మోసింది. పట్టీ లేని కాలి బాగోగులు ఎవరు అడుగుతారు?

శిఖరం మీద చెట్లు పలచబడ్డాయి. ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆనినంత మేరా కొండలే.

"ఇన్ని కొండలున్నాయని ఆయనకు చెప్పాలి," అన్నారు టీచరు.

బొంజుబాబు "చెప్పండమ్మా," అని అటు తిరిగి నిలబడ్డాడు.

ఆవిడ పెదవులు కదిలాయో లేదో, మోకాలి దగ్గరుండే నాకు తెలియదు.

చాలాసేపటికి బొంజుబాబు అన్నాడు: "ఎక్కినప్పుడు కాదమ్మా, దిగేటప్పుడే మోకాలు పట్టేస్తాది."

ఆవిడ నన్ను తీసి, బరువు మోసి అలిసిన ఎడమకాలికి తొడిగారు. ఎడమ మోకాలి మీద 'కు'! మాస్టారు చూస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టేవారు. ఆవిడకూ అదే తోచినట్టుంది. అక్షరాన్ని వేలితో ఒకసారి తడిమి, చిన్నగా నవ్వి, లేచి నిలబడ్డారు.

ఇంకా కొండ దిగాలి.