ఒకే కబురు, మూడు బొకేలు

అక్క పూలకొట్టుకు వెబ్‌సైటు కట్టిపెట్టింది చెల్లెలే. పూల ఫొటోలు, ధరలు పెట్టడం చిటికెలో అయిపోయింది కానీ ఆన్‌లైన్ చెల్లింపుల దగ్గర తలప్రాణం తోకకొచ్చింది. ఎవరైనా డబ్బు కట్టగానే చెల్లింపుల కంపెనీ సైటుకు ఒక కబురు పంపుతుంది. దాన్ని వెబ్‌హుక్ అంటారు. అది రాగానే కొట్టులో ప్రింటరు ఆర్డరు చీటీ కొట్టాలి, కొన్నవాళ్లకు రసీదు మెయిల్ వెళ్లాలి, చివర్లో కంపెనీకి “అందింది” అని సైటు బదులివ్వాలి. అన్నీ పరీక్షించి చూసుకుని ఆమె తన ఉద్యోగంలో పడిపోయింది.

కొన్నాళ్లకు తెల్లగులాబీల బొకే ఒకటి ఆర్డరొచ్చింది. కళ్లద్దాల షాపులో పనిచేసే ఒకావిడకు ఆమె భర్త పంపుతున్నాడు. కార్డు మీద “తప్పు నాదే. ఇంటికి వచ్చెయ్” అని రాయమన్నాడు. బావ తీసుకెళ్లి ఇచ్చొచ్చాడు. మర్నాడు అదే చీటీ మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

“పాపం, పట్టు వదలట్లేదు,” అంది అక్క ముళ్లు గీకుతూ. “నేనలిగితే మీరు ఒక్క పువ్వయినా తెచ్చారా?”

“పూలకొట్టు పెట్టుకుని ఇంకెక్కడ కొనమంటావ్?” అన్నాడు బావ.

మూడో బొకే అందిన సాయంత్రం ఆవిడే కొట్టుకొచ్చింది. చెల్లెలు కూడా అక్కడే ఉంది, కొత్త ఫొటోలు సైటులోకి ఎక్కిస్తూ.

“ఇంక పంపొద్దండి. రేపు ఇంటికి వెళ్లిపోతున్నాను,” అందావిడ. మొహం తేటగా ఉంది. “ఆయన ఏదీ రెండోసారి అడిగే మనిషి కాదు. మూడుసార్లు పంపారా అని ఫోన్ చేసి అడిగితే అవునన్నారు. ఇంకా ఎన్నిటికి కట్టారేంటి?”

చెల్లెలు సైటు తెరిచి చూసింది. చెల్లింపు ఒకటే ఉంది. ఆవిడ భర్త తన మెయిల్ చిరునామా తప్పు కొట్టాడు. చీటీ వచ్చాక రసీదు పంపే చోట కోడ్ ఆగిపోయింది, బదులు వెళ్లలేదు. కబురు అందలేదనుకుని కంపెనీ మళ్లీ మళ్లీ పంపింది. సైటు ప్రతిసారీ దాన్ని కొత్త ఆర్డరు కింద తీసుకుంది.

బల్ల కింద అక్క చెల్లెలి కాలు తొక్కింది.

“కట్టింది ఒక్కదానికేనండి,” అంది చెల్లెలు. “మిగతా రెండూ మా సైటు పొరపాటు.”

“మరి అవునని ఎందుకన్నారు?” అని తనలో తనే అనుకున్నట్టు అని, ఆవిడ వెళ్లిపోయింది.

“నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?” అంది అక్క. “రేపు వెళ్లిపోయేది.”

“అడిగిందక్కా. అబద్ధం ఎలా చెప్పను?”

“ఆయన చెప్పలేదూ?”

చెల్లెలు కోడ్ దిద్దడానికి కూర్చుంది. కబురు రాగానే, కంపెనీ దానికి వేసే నంబరుతో సహా దాచి, ముందు బదులు పంపి, తర్వాతే మిగతా పనులు. ఆ నంబరు ఇదివరకే వచ్చి ఉంటే పక్కన పడేయడమే. అదే కబురును కావాలని పదేపదే పంపి చూసింది. ప్రింటరు ఒక్క చీటీ కొట్టి ఊరుకుంది.

తర్వాతి వారం ఒకాయన వచ్చి గులాబీలు కట్టమన్నాడు. “ఆ మూడు బొకేల మనిషిని నేనే,” అన్నాడు.

అక్క ఆగలేకపోయింది. “ఇంటికొచ్చారా ఆవిడ?”

“రాలేదు. ఫోనయితే ఎత్తుతోంది. ఎందుకు అవునన్నారని రోజూ అదే అడుగుతోంది.”

అక్క బొకే కట్టి కార్డు అందించింది. అతను బొకే తీసుకుని కార్డును వెనక్కి జరిపాడు.

“ఈసారి నేనే వెళ్తున్నానండి. నోటితోనే చెప్తాను.”

అతని చేతులు ఖాళీగా లేవని బావ లేచి తలుపు తీశాడు.