టీవీలో నా గడి

మా బామ్మర్ది ఇంట్లో ఉన్న ఆ గేమ్ డబ్బాను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ మంటలో సగం అసూయే. ఆ ముక్క అప్పట్లో ఎవరైనా అనుంటే వాళ్ల మీద ఇంతెత్తున లేచేవాణ్ని.

వాడు బ్రెడ్లు చేసే బేకరీలో ఓవెన్ దగ్గర పనిచేస్తాడు. తెల్లారకముందే పనిలోకి దిగి, మధ్యాహ్నానికి కనుబొమల్లో పిండితో ఇంటికొస్తాడు. స్నానం చేసి, ఇంత తిని, సోఫాలో కూలబడి టీవీ కింద ఉన్న నల్ల డబ్బా మీట నొక్కుతాడు. గంటన్నర ఆడి నిద్రపోతాడు. ఆరేళ్లుగా అదే డబ్బా, అదే సోఫా.

నాది కెమెరాల పని. దుకాణాల్లో, గోదాముల్లో నిఘా కెమెరాలు బిగిస్తాను. పొద్దున లేస్తే వైర్లతో, హార్డ్ డిస్కులతోనే నా కాపురం. అలాంటివాణ్ని, షాపులో అట్టపెట్టెలో దొరికే డబ్బా కొనుక్కుని ఆడతానా? నా కంప్యూటర్ నేనే ఒక్కో భాగం ఏరి తెచ్చి బిగించుకున్నాను. లోపల రంగురంగుల లైట్లు, పక్కన గాజు తలుపు. దాని ఫ్యాన్లు తిరగడం మొదలుపెడితే మా ఆవిడ "విమానం లేచింది, ఇక ఈయన దిగరు" అని వంటింట్లోంచి అరుస్తుంది.

"ఒరేయ్, నా మెషీన్ ముందు నీ డబ్బా బచ్చారా," అనేవాణ్ని వాడితో, వెళ్లినప్పుడల్లా.

"అయ్యుండొచ్చు బావా. కానీ నాకున్నది గంటన్నర. మొన్న మీ ఇంటికొస్తే నువ్వేదో అప్‌డేట్ చేస్తున్నావు. టీ తాగాను, పిల్లతో కబుర్లు చెప్పాను, అక్క ఇంకో టీ ఇచ్చింది, అదీ తాగాను. నీ ఆట మొదలయ్యే లోపు నాకు నిద్రొచ్చి ఇంటికొచ్చేశా."

"పోనీ డబ్బా మాత్రం దేనికిరా? ఇప్పుడు ఆటలన్నీ నెట్ మీద క్లౌడ్ నుంచే వస్తున్నాయి. టీవీ ఉంటే చాలు."

"అదీ చూశాను. నాతో నెట్ పంచుకునే కింద వాటావాళ్లు సినిమా పెట్టుకోగానే నా బొమ్మ గాల్లో ఎగిరింది ఎగిరినట్టే ఆగిపోయింది." వాడు నవ్వాడు. "అసలు సంగతి అది కాదులే బావా. ఈ డబ్బా ఎవరింట్లో ఉన్నా ఒకటే. మా కేకుల మాస్టర్ దగ్గరున్నదీ ఇదే, నా దగ్గరున్నదీ ఇదే. ఓడితే నేనే ఓడినట్టు, గెలిస్తే నేనే గెలిచినట్టు. ఇంకో సాకు ఉండదు."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో చెప్పాలంటే నా దొంగతనం సంగతి చెప్పుకోవాలి.

నేను ఆడే ఆటలో రంగు తుపాకులుంటాయి. ఎదుటివాళ్ల మీద రంగు ఉండలు పేల్చాలి, ఎవరు ఎక్కువమందిని తడిపితే వాళ్లు గెలిచినట్టు. అంత ఖర్చుపెట్టి కట్టుకున్న మెషీన్ మీద మొదటి నెలంతా నేను వరసగా ఓడిపోయాను. ఎక్కడెక్కడి కుర్రాళ్లో నన్ను గోడకేసి రంగులేసేవారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, నేను ఇంట్లో కూర్చునే పిల్లినయ్యాను. అప్పుడు నెట్‌లో ఒక ప్రోగ్రామ్ దొరికింది. అది నడుస్తుంటే గురి దానంతటదే కుదురుతుంది. మనం మీట నొక్కితే చాలు. ఒక్క రోజు చూసి తీసేద్దామనుకున్నాను. ఆ ఒక్క రోజు ఏడాదిన్నర అయింది.

దొంగలను పట్టే కెమెరాలు బిగించేవాడు ఇంటికొచ్చి చేసే పని ఇది.

పోనీ అది నా గదిలో నాతోనే ఉండిపోయినా ఏదో ఒకటి అనుకోవచ్చు. కానీ నా వెనక స్టూల్ మీద మా పిడుగు కూర్చునేది. తొమ్మిదేళ్ల మా కూతురు. నేను ఒక్కొక్కణ్నీ తడుపుతుంటే వేళ్ల మీద లెక్కపెట్టేది. "నాన్న అటు చూడకుండానే కొట్టేశాడే అమ్మా!" అంటూ వంటింట్లోకి పరిగెత్తేది. బళ్లో కూడా చెప్పిందట, మా నాన్నకు ఎదురులేదని. నా ఇంత బతుకులో నన్ను చూసి ఎవరి కళ్లైనా అలా మెరవడం అదే మొదలు. దాన్ని పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. ప్రోగ్రామ్ తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను, తియ్యలేదు.

ఆ మెరుపే నా కొంప ముంచింది. "మా నాన్న నిన్ను చిత్తుచిత్తుగా ఓడిస్తాడు మావయ్యా," అని ఒకరోజు వాడింట్లో నా ముందే సవాలు విసిరింది పిడుగు.

"అదే ఆట నా డబ్బాలోనూ ఉంది బావా," అన్నాడు వాడు సంబరంగా. "ఆదివారం సెలవని మా బేకరీవాళ్లు వస్తున్నారు. నువ్వూ రా, నలుగురు ఒకేసారి ఆడొచ్చు."

"ఆదివారం నాకు పనుందిరా."

"నాన్నకు ఆదివారం పనుండదు మావయ్యా! నేనూ నాన్నా ఒక జట్టు!"

కాదంటే అనుమానం, ఔనంటే అవమానం. అయినా నాలో ఒక మూల బడాయి ఇంకా చావలేదు. ఏడాదిన్నర ఆడిన ఆటే కదా, పిల్లలాడుకునే డబ్బాలో ఆమాత్రం ఆడలేనా అనుకున్నాను. ఏడాదిన్నరగా నా చేతికి గురిపెట్టే పనే పడలేదన్న సంగతి ఆ మూలకు తట్టలేదు.

ఆదివారం పదకొండింటికి నాలుగంతస్తులూ ఎక్కి వెళ్లాం. గుమ్మంలో చెప్పుల కుప్ప. సోఫాలో కేకుల మాస్టర్, ఆయన పక్కన బ్రెడ్లు సరఫరా చేసే వ్యాన్ డ్రైవర్. ఇద్దరూ జరిగి నాకూ పిడుగుకూ చోటిచ్చారు. నలుగురి తొడలూ ఒకదానికొకటి ఆనుకున్నాయి. బామ్మర్ది నలుగురికీ తలా ఒక కంట్రోలర్ ఇచ్చి, తను వెనక నిలబడ్డాడు. మా ఆవిడ తలుపుకు జారబడి చూస్తోంది.

టీవీ నాలుగు గడులుగా విడిపోయింది. ఎవరి గడిలో వాళ్ల బొమ్మ. కానీ నలుగురి గడులూ అందరికీ కనిపిస్తాయి. ఎవడు ఎటు తిరుగుతున్నాడో, ఎవడి గురి తప్పుతోందో, అంతా బట్టబయలు. నా పనిలో నేను రోజూ చూసే తెరే అది. నాలుగు కెమెరాల బొమ్మలు ఒకే టీవీలో పెట్టుకుని, ఎవడు దొంగా అని చూస్తుంటాను. ఈసారి కింద ఎడమవైపు గడిలో నేనున్నాను.

ఆట మొదలైంది. నా బొమ్మ ముందు కప్పు వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది. ఎలాగో తిప్పి నిలబెట్టేసరికి కేకుల మాస్టర్ నా మీద రంగు కుమ్మరించేశాడు.

"కొత్త చెయ్యి కదండీ, అలవాటయ్యేదాకా అంతే," అన్నాడాయన పెద్దమనిషి తరహాగా.

అలవాటు కాలేదు. నేను పేల్చిన ఉండల్లో ఒక్కటీ మనిషి మీద పడలేదు. ఎదురుగా వ్యాన్ డ్రైవర్ బొమ్మ నిలబడి ఉంటే చుట్టూ గోడంతా రంగేశాను గానీ, వాడికి చుక్క అంటలేదు. మొదట అందరూ నవ్వారు. "గోడకు వెల్ల వేస్తున్నారా సార్?" అన్నాడు వ్యాన్ డ్రైవర్. పిడుగు కూడా నవ్వింది. తర్వాత అది నవ్వడం మానేసి, "నాన్నా, కుడివైపు... కుడివైపు నాన్నా... నీ వెనకే ఉన్నాడు," అని చిన్నగా చెప్పడం మొదలుపెట్టింది. నా బొమ్మను కాపాడదామని వచ్చి తనూ తడిసిపోయింది. కాసేపటికి ఎవరూ నవ్వడం లేదు. కేకుల మాస్టర్ నన్ను వదిలేసి వేరేవైపు వెళ్లిపోతున్నాడు. జాలిపడ్డాడని తెలుస్తూనే ఉంది. వాళ్లు నవ్వుతున్నప్పుడే నయం.

ఆట ముగిసింది. వాళ్లకు నలభై ఒకటి, మాకు ఆరు. ఆ ఆరూ పిడుగువే. నా గడిలో సున్నా.

"ఈ కంట్రోలర్‌లో ఏదో లోపం ఉంది," అన్నాను. "బొమ్మను తిప్పే ఈ పుల్ల వదులుగా ఉంది. ఇటు తిప్పితే అటు పోతోంది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు..." అని కేకుల మాస్టర్ మొదలుపెట్టి, నా ముఖం చూసి మధ్యలోనే మింగేశాడు.

బామ్మర్ది నా చేతిలోంచి కంట్రోలర్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బానే ఉందే బావా," అన్నాడు.

అప్పుడు నా పక్కనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"అది నా తప్పు మావయ్యా. పోయినవారం వచ్చినప్పుడు దాని మీద నీళ్లు ఒలకబోశాను. అప్పట్నుంచీ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చెయ్యదు. తిడతారని చెప్పలేదు."

అబద్ధం. పోయినవారం మేం అసలు మంచినీళ్లయినా తాగకుండా హడావుడిగా వెళ్లిపోయాం. అది నా వైపు చూడలేదు. చూస్తే దొరికిపోతానని దానికి ఎవరు నేర్పారో!

మా ఆవిడ తలుపు దగ్గర్నుంచి ఒక్క అంగలో వచ్చింది. "మావయ్య వస్తువు పాడుచేసి వారంరోజులు నోరు మూసుకుని కూర్చున్నావా? దొంగబుద్ధులు ఎక్కడ నేర్చుకున్నావే? చెప్పు, అందరికీ సారీ చెప్పు!"

"పోనీలే అక్కా, చిన్నపిల్ల..."

"నువ్వూరుకోరా. చెప్పవే!"

పిడుగు లేచి నిలబడింది. "సారీ మావయ్యా. సారీ అంకుల్. సారీ అంకుల్," అని ముగ్గురికీ వేరువేరుగా చెప్పింది. చెవులు ఎర్రబడిపోయాయి. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నోరు తెరిచి "అది కాదు" అంటే సరిపోయేది, రెండే మాటలు. అన్లేదు. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏదో పెద్ద మాట అనుకునేవాణ్ని. చావలేదు, సోఫాలో కూర్చునే ఉన్నాను.

బామ్మర్ది సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. "చూద్దాం, ఆరబెడితే బాగవుతుందేమో," అంటూ కంట్రోలర్ వెనక మూత విప్పాడు. లోపల తొంగిచూశాడు. తడి లేదు, మరక లేదు, తుప్పు లేదు. ముందు పిడుగును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మూత బిగించేశాడు.

"పనుంది, వెళ్తాం," అని లేచాను. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు కడిగి వస్తానంది. నేనూ పిడుగూ ముందు దిగాం.

రెండో అంతస్తు దగ్గర అది నా చెయ్యి పట్టుకుంది. "బాగా చెప్పానా నాన్నా?"

నా కాళ్లు ఆగిపోయాయి.

"వాళ్లందరూ నిన్ను అలా చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది," అంది. "వాళ్లకేం తెలుసు? మన కంప్యూటర్లో అయితే నువ్వు ఒక్క నిమిషంలో అందర్నీ కొట్టేసేవాడివి. కదా నాన్నా?"

ఔను అంటే అక్కడితో అయిపోతుంది. దాని కళ్లల్లో నేను నేనుగానే మిగులుతాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ ఎర్రటి చెవులు ఇంకా చల్లారలేదు. దాని చెయ్యి పట్టుకుని మళ్లీ పైకెక్కాను. "ఏం మర్చిపోయాం నాన్నా?" అని అడుగుతూ వచ్చింది.

తలుపు తీసే ఉంది. కేకుల మాస్టర్ చెప్పులు వేసుకుంటున్నాడు. మా ఆవిడ కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి తొంగిచూసింది.

"పిల్ల నీళ్లు పొయ్యలేదురా," అన్నాను.

"చూశాను బావా," అన్నాడు బామ్మర్ది మెల్లగా. "వదిలెయ్. ఆటే కదా."

"వదిలెయ్యడానికి లేదు. కంప్యూటర్లో కూడా నేను ఆడట్లేదు. గురిపెట్టే ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకున్నాను. అది కొడుతుంది, నేను కూర్చుంటాను. నాకీ ఆట రాదు. నన్ను కాపాడదామని ఇది అబద్ధమాడింది, నేను చూస్తూ కూర్చున్నాను."

నా చేతిలో ఉన్న చిన్న చెయ్యి బిగుసుకుంది.

"అన్నీనా నాన్నా?" అంది పిడుగు.

"ఏంటమ్మా?"

"నేను లెక్కపెట్టినవి. అన్నీనా?"

కొన్ని అనొచ్చు. మొదట్లో కాదు అనొచ్చు. ఎన్ని దారులున్నాయో ఆ ఒక్క క్షణంలో అన్నీ కనిపించాయి.

"అన్నీ," అన్నాను.

అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా చెయ్యి వదిలిపెట్టి వెళ్లి బామ్మర్ది ముందు నిలబడింది.

"సారీ మావయ్యా, అబద్ధం చెప్పాను. నీళ్లు పొయ్యలేదు," అంది. తర్వాత కేకుల మాస్టర్ దగ్గరికి వెళ్లి ఆయనకూ చెప్పింది, వ్యాన్ డ్రైవర్‌కూ చెప్పింది. ఈసారి ఎవరూ చెప్పమనలేదు. వాళ్లమ్మ దగ్గరికి కూడా వెళ్లి చెప్పింది.

అది ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నేను ఇంకా ఎవరికీ సారీ చెప్పలేదని అప్పుడు తెలిసింది.