సౌభాగ్యమ్మ హస్తవాసి

పురిటి మంచం మీది స్త్రీని ఎవరి చెయ్యి తాకిందన్న దాన్నిబట్టి ఆమె బతుకు నిర్ణయమవుతుందని మార్కాపురం తాలూకాలో అందరూ నమ్ముతారు. భర్త ఉండి, కన్న పిల్లలందరూ నిలిచిన ఇల్లాలి చెయ్యి పొత్తికడుపు మీద పడితే కాన్పు సుఖంగా జరుగుతుంది. బిడ్డను పోగొట్టుకున్న విధవ చూపు పడితే తల్లి దక్కదు. దీనికి హస్తవాసి అని పేరు. చదువుకున్నవారు ఈ మాట నవ్వుతూ అంటారు, చదువుకోనివారు నవ్వకుండా అంటారు. తమ ఇంట్లో పురుడు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే చేతిని పిలుచుకొస్తారు.

1934లో స్త్రీ ఆరోగ్య సంఘం ఏర్పడినప్పుడు ఈ నమ్మకం నియమావళిలోకే ఎక్కింది. నాలుగో నియమం: "సంఘాధ్యక్షురాలు ముత్తైదువయై, గర్భశోకమెరుగనిదై యుండవలెను." ఆ వాక్యం రాసింది నేనే. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం విరమించి సంఘానికి కార్యదర్శినైన కొత్తల్లో మాట అది. అలా రాయకపోతే సంఘం పెట్టే పురిటింటికి ఒక్క ఆడమనిషీ రాదని సభ్యులందరూ అన్నారు. హస్తవాసి అనేది లేదని నాకు తెలుసు. లేనిదానివల్ల నష్టమూ ఉండదనుకున్నాను.

పురిటిల్లు కృష్ణవేణమ్మ ఇచ్చిన ఇల్లు. ఆమె నలభై ఏళ్ళ విధవ, ఇద్దరు బిడ్డలను మట్టిలో పెట్టిన మనిషి. నీళ్ళు కాచేది, గుడ్డలు ఉడికించేది, గంజి వండేది ఆమే. ఐనా తన ఇంట్లో పురుళ్ళు జరిగే ముందుగదిలో ఆమె అడుగు పెట్టకూడదు. వాకిలికి అవతల ఒకప్పుడు గొర్రెలను కట్టిన కొట్టాన్ని బాగుచేయించుకొని అందులో ఉండేది.

అధ్యక్షురాలు సౌభాగ్యమ్మ పెద్ద రైతు భార్య. ఏడుగురు పిల్లలు, ఏడుగురూ ఉన్నారు. దయగల మనిషి. పురిటింట్లో ఎవరు చేరినా రోజూ ఉదయం వచ్చి, కంచుగిన్నెలో పసుపూ ఆముదమూ కలిపిన ముద్దలో చెయ్యి ముంచి, ఒక్కొక్కరి కడుపుకూ రాసేది. కాన్పయ్యాక చిరిగిన చోట కూడా మూడు రోజులు ఆమే రాసేది. ఆ గిన్నె అడుగు కనబడకూడదు. తరిగినప్పుడల్లా పైన కొత్త పసుపు కలుపుతారు. ఒకరికి రాసి మరొకరికి రాసేలోపు చెయ్యి కడగకూడదు, కడిగితే శుభం నీళ్ళలో పోతుందట.

మొదటి ఏడాది ముప్పై ఏడు కాన్పులు జరిగాయి. ఐదుగురు తల్లులు పోయారు. వాకిలికి అవతలి చూపే కారణమని ఊరు అనుకుంది.

మరుసటి ఉగాదికి అధ్యక్షురాలిని ఎన్నుకోవడానికి సభ కూడింది. కంభం వైపు నుంచి వచ్చిన పురిటింటి నర్సు ఎలీషబా లేచింది. చెన్నపట్నంలో పరీక్ష పాసైన మనిషి.

"నాలుగో నియమం కొట్టేయండి. కృష్ణవేణమ్మను పెట్టండి. పని చేసేది ఆమె, పేరు ఇంకొకరిదా?"

"ఏంది నర్సమ్మా," అన్నాడు పలకల వ్యాపారి పిచ్చయ్య, "ఇంకా నయం, కాటికాపరిని పెట్టమన్నావు కాదు!"

సభ నవ్వింది.

"కాటికాపరికి పని మన పురిటింట్లోంచే పోతా ఉంది గదా, పిచ్చయ్యన్నా. ఆయన్ని వేరే పెట్టేదెందుకు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. సౌభాగ్యమ్మ నా వైపు తిరిగింది.

"అన్నా, కృష్ణవేణి మీద నాకు కోపం లేదు. కానీ ఆడబిడ్డల ప్రాణాలు. మీరు దేన్నీ నమ్మరు గదా, మీరే పరీక్ష పెట్టండి. ఎవరి చెయ్యి మంచిదో తేలినాక వాళ్ళనే కూర్చోబెట్టుకుందాం."

ఎన్నిక వాయిదా పడింది. పరీక్ష పద్ధతి నేను నిర్ణయించాను. మొదట వచ్చిన స్త్రీ ముందుగదిలోకి, తరువాతి స్త్రీ కొట్టంలోకి, మళ్ళీ ముందుగదిలోకి, ఆ వరసన. కొట్టమనగానే వెనక్కి తిరిగిన బండ్లను లెక్కలో చేర్చలేదు. రెండుచోట్లా నర్సు ఒకరే, నీళ్ళు ఒకటే, గుడ్డలు ఒకటే. అక్కడ సౌభాగ్యమ్మ చెయ్యి, ఇక్కడ కృష్ణవేణమ్మ చెయ్యి. విధవ పసుపు ముట్టకూడదు కనుక ఆమెది వట్టి చెయ్యి. ఎలీషబా ఆమె గోళ్ళు తీయించి, ప్రతిసారీ సబ్బుతో మోచేతులదాకా కడిగించేది. సౌభాగ్యమ్మకు ఆ మాట చెప్పగలవారు ఊళ్ళో లేరు.

నేను ఒక పలక తీసుకొని నిలువు గీత గీశాను. రెండువైపులా ఒకే లెక్క వస్తుందని, నాలుగో నియమం దానంతటదే పోతుందని నా అంచనా.

ముందుగదిలో మొదటి కాన్పు యల్లమ్మది, కురిచేడు మనిషి. మగబిడ్డ. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా తిరగని ఎండలో, ఆమెకు చలి పుట్టింది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను.

"ఆ చెయ్యి తియ్యండి," అంది.

"ఏ చెయ్యమ్మా?" అంది ఎలీషబా.

"కడుపు మీద పెట్టినారే, అది. చల్లంగా ఉంది. బరువుగా ఉంది. తియ్యమనండి ఆమెను."

సౌభాగ్యమ్మ ఇంటికి వెళ్ళి మూడు గంటలైంది. మంచం దగ్గర ఎలీషబా తప్ప ఎవరూ లేరు. దుప్పటి తొలగించి చూస్తే కడుపు మీద ఎండిన పసుపు, ఐదు వేళ్ళూ విడివిడిగా. యల్లమ్మ ఐదో రోజు పోయింది.

ముందుగదిలో అలా పోయిన రెండో ఆమె దర్శి వైపు నుంచి వచ్చింది. యల్లమ్మను తీసుకుపోయిన వారానికి చేరింది, ఆమె సంగతి ఎరగదు. ముందుగది ఆయా గానీ బంధువులు గానీ చెప్పారేమోనని విడివిడిగా అడిగి రాసుకున్నాను. ఎవరూ చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె కూడా రెండు చేతులతో గాలిని నెడుతూ, "ఆ చెయ్యి తియ్యండి," అంది. అర్ధవీడు నుంచి వచ్చిన మూడో ఆమెకు అప్పటికే నోట మాట లేదు. కడుపు మీద లేని మణికట్టును పట్టుకొని లాగుతూనే ఉంది.

ఈ జ్వరంలో లోపల వాచి, పైనుంచి ఎవరో అదిమినట్టే ఉంటుందని ఎలీషబా చెప్పింది. ఆ వివరణ సరైనదే. అయినా మూడో రోజు మధ్యాహ్నాలలో ఆ గది గడప దాటడానికి నాకు కాలు రాలేదు.

వాకిలికి అవతల వేరే లోకం. నల్లమల అంచున గొర్రెలు మేపుకొనే కాశయ్య భార్య గురమ్మ కొట్టంలో ఆడపిల్లను కని, నాలుగో రోజుకే లేచి కూర్చుంది.

"ఓ పంతులయ్యా, నన్ను కూడా ఆ పలక మీద ఎక్కించినావా?"

"ఎక్కించాను గురమ్మా."

"బతికినోళ్ళ వైపా, సచ్చినోళ్ళ వైపా?"

"బతికినవాళ్ళ వైపే."

"అట్లయితే గట్టిగా దిద్దు. నీ ఉత్తరీయం తగిలి చెరిగిపోతే మా ఆయన ఇంకోదాన్ని కట్టుకుంటాడు."

ముందుగదిలో చావులు పెరిగేకొద్దీ ఊరు కృష్ణవేణమ్మ మీద తిరగబడింది. ముందుగదివాళ్ళ ఆయుస్సు తీసి కొట్టంలోవాళ్ళకు పోస్తోందన్నారు. కొట్టం మీద రాళ్ళు పడ్డాయి. సౌభాగ్యమ్మ ఏడుస్తూ, ఉదయం ఒకసారి రాసేది కాస్తా పూటకొకసారి రాయడం మొదలుపెట్టింది. గుమ్మాల మీద, మంచం కోళ్ళ మీద, నీళ్ళకుండ అంచున, ఎక్కడ చూసినా ఆమె వేళ్ళ గుర్తులు పచ్చగా ఉండేవి.

నాలుగో మరణం నాడు ఎలీషబా పలక ముందు నిలబడింది.

"ఆపండి పంతులుగారూ."

"నాలుగు అటు, ఇటు సున్న. నిజమే. కానీ సంఖ్య చిన్నది ఎలీషబా. కాకతాళీయం కావచ్చు."

"ఎంతమంది పోతే చాలుతుందో ముందే చెప్పండి. అన్ని గుడ్డలు చించి పెట్టుకుంటా."

ఆమె కంచుగిన్నె తెచ్చి నా ముందు పెట్టి, వేపపుల్లతో అడుగుదాకా గెలికింది. పైన పసుపు. కింద రంగు లేదు. వాసనకు నేను వెనక్కి జరిగాను.

"ఒక మనిషి పుండు మీదినుంచి ఈ గిన్నెలోకి, గిన్నెలోంచి ఇంకో మనిషి మీదికి. ఏడాదినుంచి అంతే. హస్తవాసి లేదంటారే మీరు? ఉంది. ఇదే."

పలక తిప్పిపెట్టాను. ఆ సాయంత్రమే పరీక్ష ఆపి, ముందుగదికి తాళం వేయించి, గిన్నె తీసుకొని సౌభాగ్యమ్మ ఇంటికి వెళ్ళాను. చెప్పవలసింది చెప్పాను. ఆమె తన అరచేతిని చాలాసేపు చూసుకుంది.

"ఏడుగురిని ఈ చేత్తోనే సాకినాను అన్నా. ఇది చంపుతుందా?" అని, గిన్నెను నా చేతుల్లోంచి తీసుకుంది. "మీ చేత ఈ మాట అనిపించిందంటే, ఆ చూపు మీ మీద కూడా పడింది."

ఆమె చిన్నకూతురు పద్మమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. పది రోజుల తరువాత నొప్పులు మొదలయ్యాయి. ముందుగది తెరిపించమని తల్లి, వద్దని కూతురు, బండిలోనే వాదన.

"నేను కొట్టంలోనే పడుకుంటానమ్మా."

"ఆ గొర్రెల దొడ్లోనా? దాని కళ్ళ ముందరా? బుద్ధి ఉందా నీకు?"

"ముందుగదిలోవాళ్ళు యాడికి పోయినారో చూసినావు గదా. కొట్టంలోవాళ్ళు ఇంటికి పోతున్నారు. నేనూ ఇంటికి పోవాల."

సౌభాగ్యమ్మ కొట్టం బయట ఎండలోనే నిలబడింది. కృష్ణవేణమ్మ పీట తెచ్చి, "కూర్చో అక్కా," అంది. ఆమె కూర్చోలేదు. చీకటి పడకముందే పద్మమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా కులాసాగా ఉన్నారని చెబితే, సౌభాగ్యమ్మ ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నాకు కబురు వచ్చింది. వెళ్ళేసరికి కృష్ణవేణమ్మ కొట్టం గుమ్మంలో రెండు చేతులూ నాకు కనబడేలా చాపి నిలబడి ఉంది. తడి చేతులు, వట్టివి.

"నీళ్ళు దించడానికి పొయ్యి దగ్గరికి పోయినాను అన్నా. రెండు నిమిషాలు. నర్సమ్మ నిద్రపోతా ఉండింది. వాకిట్లోకి ఎవరూ రాలేదు. నేను చూస్తానే ఉండినాను."

ఎలీషబా దుప్పటి తొలగించింది. పద్మమ్మ కడుపు మీద పచ్చి పసుపు, ఐదు వేళ్ళు. ఆముదం ఇంకా కిందికి జారుతోంది.

"కల అనుకున్నా," అంది పద్మమ్మ. "నిద్రలో ఎవరో వంగినట్టుండె. చల్లంగా ఉండింది. బాగుండింది."

కొట్టం వెనక దొడ్డితలుపు గడియ ఊడి ఉంది. ఎలీషబా మందునీళ్ళతో మూడుసార్లు కడిగింది. మూడో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాను. ఎండ తలుపు దాకా వచ్చింది. లోపల పద్మమ్మ పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అమ్మా," అంది, "చెయ్యి తీసెయ్."

ఆరో రోజు పోయింది.

వాయిదా పడిన సభ జూన్ నెలాఖరున కూడింది. పలక చూసి చదివాను: ముందుగదిలో కాన్పులు తొమ్మిది, మరణాలు నాలుగు. కొట్టంలో కాన్పులు తొమ్మిది, మరణం ఒకటి.

"ఆ ఒక్కటి ఎవరో చెప్పండి!" అన్నాడు పిచ్చయ్య. "అధ్యక్షురాలి కన్నకూతురు. ఈ కృష్ణవేణి నలుగురిని దూరంనుంచి చూసింది, ఐదోదాన్ని దగ్గరికి పిలుచుకుంది."

కేకలు లేచాయి. కృష్ణవేణమ్మ తల వంచుకోలేదు. సౌభాగ్యమ్మ నిలబడేదాకా గోల అణగలేదు.

"నేను పోయినాను," అంది. "దొడ్డితలుపు తీసుకొని పోయినాను. నా చెయ్యి ఒక్కసారి పడితే చాలు, నా బిడ్డ దక్కుతుందనుకున్నాను. గిన్నె కొంగులో పెట్టుకొని పోయి, కడుపుకూ రాసినాను, కాన్పు పుండుకూ రాసినాను. నా చెయ్యే. కృష్ణవేణి ఏం చేయలేదు. ఆమెనే పెట్టుకోండి."

పిచ్చయ్య ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు.

"కడుపుకోత అక్కా, నీ చేత ఏందేందో మాట్లాడిస్తా ఉంది," అన్నాడు. తరువాత సభ వైపు తిరిగాడు. "ఇంతటి తల్లి చెయ్యి పడినా బిడ్డ దక్కలేదంటే, ఆ చూపు ఎట్లాంటిదో మీరే చూసుకోండి."

తలలు ఊగాయి.

"నాలుగో నియమం ప్రకారం ఇప్పుడు ఈమె కూడా పనికిరాదు గదా," అంది ఎలీషబా. "ఈమెకూ బిడ్డ పోయింది."

దాని మీద అరగంట చర్చ జరిగింది. నియమం కొట్టేయాలన్న ఎలీషబా ప్రతిపాదన వీగిపోయింది. నియమం చివర ఒక వాక్యం చేర్చాలని పిచ్చయ్య ప్రతిపాదించాడు. కార్యదర్శిని కనుక దాన్ని నేనే రాశాను: "పరుల దృష్టిదోషము వలన కలిగిన గర్భశోకము ఈ నియమము క్రిందికి రాదు."

చేతులెత్తించి లెక్కపెట్టాము. సవరణకు అనుకూలంగా ఇరవై ఆరు, వ్యతిరేకంగా మూడు. ఆ మూడు ఎలీషబాది, నాది, సౌభాగ్యమ్మది. అదే లెక్కతో సౌభాగ్యమ్మ అధ్యక్షురాలిగా ఎన్నికైంది.

ఆ తరువాత ఆమె పురిటింటికి రాలేదు. గిన్నె రాలేదు. పురుళ్ళు ఎలీషబా పోసింది, నీళ్ళు కృష్ణవేణమ్మ కాచింది. మరుసటి ఉగాది వరకు కాన్పులు ముప్పై రెండు, చనిపోయిన తల్లి ఒకరు. ఉగాది సభలో, ఈ ఫలితం అధ్యక్షురాలి హస్తవాసి వల్ల కలిగిందని అభినందన తీర్మానం చేసి, సౌభాగ్యమ్మను ఏకగ్రీవంగా తిరిగి ఎన్నుకొన్నారు.